తొలి దాగలి: పాతిక కిలోల ఉక్కు దిమ్మెతో ఒక ఏడాది

కమ్మరం సరదాగా మొదలుపెట్టాలని నా దగ్గరకు వచ్చేవాళ్లు ముందుగా అడిగేది దాగలి గురించే, అంటే కాల్చిన ఇనుమును మీద పెట్టి సుత్తితో కొట్టే దిమ్మె గురించే. కొలిమి ఏదో ఒక విధంగా కట్టుకోవచ్చని, సుత్తి బజారులో దొరుకుతుందని వాళ్లకు ధైర్యం ఉంటుంది. దాగలి దగ్గరే ఆగిపోతారు. ఒక వైపు కోసుగా కొమ్ము, రెండో వైపు మడమ, మధ్యలో సన్నని నడుము ఉన్న ఇంగ్లండు దాగలి బొమ్మ మనసులో ముద్రపడిపోయి, అది దొరికేదాకా ఒక్క మేకైనా చేయకుండా ఏళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. కావలసింది ఆ ఆకారం కాదు. సుత్తి దెబ్బ పడే చోట, సరిగ్గా దాని కిందే, కదలని ఉక్కు ఉండాలి. ఆ మాట ఒట్టిగా చెబితే ఎవరికీ నమ్మకం కుదరదు కాబట్టి ఒకరి కేసు మొదటి నుంచి పూర్తిగా రాస్తున్నాను.

ఎవరికి, ఏ పనికి

ఆమెది మంగళగిరి. ఇళ్ల లోపలి అలంకరణ ఆమె వృత్తి. తలుపు పిడులు, గోడ కొక్కేలు, దీపాల స్టాండ్లు సొంత చేత్తో చేసి, తాను తీర్చిదిద్దే ఇళ్లలో పెట్టాలని కోరిక. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. కింద మట్టి నేల. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. సాయంత్రాలు ఇంటి దగ్గర సొంత కొలిమి పెట్టుకుని, ఆసక్తి ఉన్నవాళ్లకు పని నేర్పుతుంటాను. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ఏ దాగలి కావాలన్నది చివరి ప్రశ్న. దాని మీద ఏం చేస్తారన్నది మొదటిది. ఆమె పనికి కావలసిన కడ్డీలు 6 నుంచి 16 మిల్లీమీటర్లు, పట్టీలు 5 మిల్లీమీటర్ల మందం లోపు. సుత్తి 800 గ్రాములు, మహా అయితే కిలో. అంతకు మించిన సుత్తి కొత్తవాళ్ల మణికట్టును, భుజాన్ని దెబ్బతీస్తుంది. అవసరమైతే ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలగాలి. గోడ అవతలే పొరుగిల్లు ఉంది, కాబట్టి మోత తక్కువగా ఉండాలి. ఖర్చు మొత్తం 5,000 రూపాయల లోపు.

ఆమె నా దగ్గరకు వచ్చేటప్పటికే ఒక దాగలి కొని ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన 10 కిలోల కొమ్ము దాగలి. చూడటానికి ముచ్చటగా, దట్టంగా నీలం రంగు వేసి ఉంది. "అన్నయ్యా, దీనితో మొదలుపెట్టవచ్చా?" అని అడిగింది. ముందు పరీక్షిద్దామన్నాను.

పరీక్షలు

మొదటిది నిప్పురవ్వల పరీక్ష. దాగలి అడుగున, పని పడని మూల, రంగు గీకి గ్రైండరు ఆనించాం. రవ్వలు పొట్టిగా, మందమైన ఎరుపులో, రాయి దగ్గరే ఆరిపోయాయి. పక్కనే ఒక మామూలు ఇనుప కడ్డీని ఆనిస్తే రవ్వలు పొడుగ్గా, తెల్లని గీతలుగా దూరం వెళ్లాయి. పాత ఆకురాయి ముక్కను ఆనిస్తే ఆ గీతల చివర చిన్న చిన్న చీలికలు పూలలా విచ్చుకున్నాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు లక్షణం అది. నీలం దాగలిది నిస్సందేహంగా పోత ఇనుము.

రెండోది గుండు పరీక్ష. ఒక అంగుళం బేరింగ్ గుండును గాజు గొట్టంలోంచి 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, ఎంత ఎత్తుకు తిరిగి లేస్తుందో స్కేలు పెట్టి చూస్తాం. పాత వర్క్‌షాపు సామానులో కొన్న ఇంగ్లండు దాగలి నా దగ్గర ఒకటి ఉంది. దాని మీద గుండు 20 సెంటీమీటర్ల దాకా లేచింది. నీలం దాగలి మీద 7 సెంటీమీటర్లు కూడా లేవలేదు.

ఎందుకింత తేడా? పోత ఇనుములో 2 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. మామూలు బూడిదరంగు పోతలో ఆ కార్బన్‌లో ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకులుగా విడిపోయి లోహమంతా పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు కంపనాన్ని మింగేస్తాయి. నేను రోజూ పనిచేసే లేత్ పడకను (యంత్రం భాగాలన్నీ కూర్చునే అడుగు దిమ్మెను) పోత ఇనుముతోనే చేస్తారు, సరిగ్గా ఈ గుణం కోసమే. యంత్రం అదురు మింగితే పని నునుపుగా వస్తుంది. దాగలి దెబ్బను మింగితే మాత్రం ఆ మేరకు మన శ్రమ వృథా. పైగా గ్రాఫైట్ రేకుల వెంట పగుళ్లు సులువుగా పోతాయి కాబట్టి అంచుల మీద సుత్తి తప్పి పడితే పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు ఎగిరి ఎవరికి తగులుతుందో చెప్పలేం. పోత ఉక్కు వేరు. మంచి దాగళ్లు చాలావరకు ఇప్పుడు పోత ఉక్కుతోనే వస్తున్నాయి. అమ్మేవాడు "పోత" అని మాత్రమే చెబితే అది ఏ పోతో అడిగి తీరాలి.

ఆమె మొహం చిన్నబోయింది. డబ్బు పోయిందన్న బాధ కంటే, పని మొదలుపెట్టడం వాయిదా పడిందన్న బాధే ఎక్కువగా కనబడింది. అలాంటివాళ్లకు నేర్పడం నాకు ఇష్టం.

ఎంత బరువు కావాలి

"మరి 100 కిలోల దాగలి కొనాలా?" అన్నది తరవాతి ప్రశ్న. అక్కరలేదు. దీనికి ఒక సులువైన లెక్క ఉంది. దాగలి బరువును, దాగలి సుత్తి రెండూ కలిసిన బరువుతో భాగించండి. దెబ్బలోని శక్తిలో ఎంత వంతు వేడి ఇనుమును సాగదీయడానికి మిగులుతుందో స్థూలంగా తెలుస్తుంది. కిలో సుత్తికి 10 కిలోల దాగలైతే 91 శాతం. 25 కిలోలైతే 96. 100 కిలోలైతే 99. పది నుంచి పాతికకు వెళ్తే నూటికి అయిదు వంతులు కలిసొచ్చాయి. పాతిక నుంచి వందకు, అంటే నాలుగు రెట్ల బరువు మోసుకొచ్చినా, కలిసొచ్చేది మూడు వంతులే. సుత్తికి ఇరవై అయిదు రెట్లు ఉంటే తేలికపాటి పనికి ఢోకా లేదు.

కాకపోతే ఆ లెక్క దాగలి మొత్తం ఒకే గట్టి ముద్ద అనుకుని వేసినది. కొమ్ములోనూ, మడమలోనూ ఉన్న బరువు మధ్యలో పడే దెబ్బకు పూర్తిగా తోడు రాదు. పాతిక కిలోల కొమ్ము దాగలిలో దెబ్బ కింద నేరుగా ఉండేది అందులో కొంత భాగమే. అదే పాతిక కిలోలు నిలువు దిమ్మెగా ఉంటే మొత్తం ఉక్కు దెబ్బ కిందే ఉంటుంది. చిన్న దాగలికి కొమ్ము వద్దని నేను పట్టుపట్టేది ఇందుకే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1936లో స్వీడన్‌కు చెందిన గోట్లండ్ దీవిలో, మాస్టర్‌మిర్ అనే చోట పొలం దున్నుతుంటే వైకింగుల నాటి పనిముట్ల పెట్టె ఒకటి బయటపడింది. వడ్రంగి, కమ్మరి పనిముట్లు అన్నీ కలిపి రెండు వందలకు పైగా వస్తువులున్న ఆ పెట్టెలోని దాగళ్లు పెట్టెలో పట్టేంత చిన్నవే. జపాను కత్తులు చేసేవాళ్లు నేటికీ కొమ్ము లేని దీర్ఘచతురస్రపు దిమ్మె మీదే కొడతారు. మన పల్లె కొలిముల్లో కొడవళ్లు, పారలు, నాగటి కర్రులు సాగింది కూడా మొద్దులో దించిన పిడికెడంత దాగళ్ల మీదే. నా ఇంగ్లండు దాగలి గొప్పదే. దాని పక్కన 1·1·10 అని చెక్కి ఉంటుంది. అంటే ఒక హండ్రెడ్‌వెయిట్ 112 పౌండ్లు, ఒక క్వార్టరు 28 పౌండ్లు, ఆపైన 10 పౌండ్లు, వెరసి 150 పౌండ్లు, 68 కిలోలు. దాన్ని చూసినప్పుడల్లా నాకు సంతోషమే. కానీ తొలి అడుగుకు అది షరతు కాకూడదు.

రైలు పట్టా ముక్క సంగతి

ఆటోనగర్‌లో పాత ఇనుము దుకాణాలు తిరగడం మొదలుపెట్టాం. తొలి దుకాణంలోనే రైలు పట్టా ముక్క చూపించారు. తొలి దాగలి అనగానే అందరూ చెప్పేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన రైల్వేలో ఎక్కువగా కనబడే పట్టాలు మీటరుకు 52 కిలోలవి, 60 కిలోలవి. 52 కిలోల పట్టా తల వెడల్పు 67 మిల్లీమీటర్లు, నడుము మందం 15.5 మిల్లీమీటర్లే. ఉక్కు మంచిది. 880 గ్రేడు అని పిలిచే రకంలో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది. గుండు పరీక్షలో 17 సెంటీమీటర్లు లేచింది. చాలామంది దాన్ని రైలు కింద ఉన్నట్టే పడుకోబెట్టి వాడతారు. అప్పుడు దెబ్బ పడే తలకూ, నేల మీద ఆనే పాదానికీ మధ్య ఆ సన్నని నడుమే ఆధారం. అది స్ప్రింగులా ఊగుతుంది, చెవులు దిమ్మెక్కేలా మోగుతుంది. అదే ముక్కను నిలువుగా నిలబెట్టి కోసిన మొహం మీద కొడితే పొడవంతా దెబ్బ కింద ఉంటుంది. 30 సెంటీమీటర్ల ముక్క 15 కిలోలకు పైగా తూగుతుంది. చిన్న పనికి చాలు.

అయినా ఆ ముక్క వద్దన్నాను. దుకాణదారు దగ్గర దానికి కాగితాలు లేవు. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం, దొంగిలించినదని అనుమానించదగిన రైల్వే సామాను మన దగ్గర దొరికితే అది న్యాయంగా వచ్చిందని రుజువు చేసుకోవలసిన బాధ్యత మనదే. రుజువు చేయలేకపోతే తొలి నేరానికే అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. రైల్వే తన పాత ఇనుమును వేలంలో అమ్ముతుంది. ఆ వేలంలో కొన్న వ్యాపారి బిల్లు ఇస్తే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఫ్యాక్టరీల లోపలి క్రేన్ పట్టాలు కూడా పాత ఇనుములోకి వస్తుంటాయి, వాటికీ బిల్లు అడగండి. బిల్లు లేని పట్టా ముక్క ఎంత చవకైనా ఇంటికి తేవద్దు. ఈ మాట నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

తరవాత చూసినవాటిలో లారీ హాఫ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు కడ్డీ) ఒకటి. ఉక్కు అద్భుతం, కానీ మొహం మరీ చిన్నది. ఫోర్క్‌లిఫ్ట్ ముల్లు ఇంకొకటి. దాని ఉక్కు నాకు ఎంతో నచ్చింది, బరువే చాలలేదు. 8 కిలోల సమ్మెట తల కూడా చూశాం. చేతిలో డబ్బు అసలు లేనివాళ్లకు నేను సమ్మెట తలనే చెబుతాను. సాగగొట్టిన ఉక్కు, మొహానికి పదును పెట్టి (అంటే కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచి) ఉంటుంది, మొద్దులో సగం దించితే 8 మిల్లీమీటర్ల కడ్డీ పని హాయిగా సాగుతుంది.

దొరికిన దిమ్మె

చివరికి అసలైనది నాకు తెలిసిన మెషిన్ షాపులోనే దొరికింది. ఏదో అచ్చు పనికి తెప్పించి మిగిలిపోయిన ఈఎన్-8 ఉక్కు చదరపు దిమ్మె. 100 మిల్లీమీటర్ల చదరం. కార్బన్ సుమారు 0.4 శాతం ఉండే రకం. షాఫ్టులకు, గేర్లకు మేము రోజూ వాడేదే. 32 సెంటీమీటర్ల పొడవున రంపం మీద కోయించాం. లెక్క ప్రకారం 25 కిలోలు రావాలి, కాటా మీద అంతే వచ్చింది. తూకం లెక్కన ధర, కోత కూలి, షేపింగ్ మెషీన్ మీద రెండు మొహాలు చదును చేయించిన కూలి, అన్నీ కలిపి 3,000 రూపాయల లోపే అయింది.

గుండు పరీక్షలో 13 సెంటీమీటర్లు లేచింది. పట్టా కంటే తక్కువే. "దీనికి పదును పెట్టించాలా?" అని ఆమె అడిగింది. వద్దన్నాను. ఇంత మందం దిమ్మెను సుమారు 850 డిగ్రీల దాకా సమంగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చడం ఇంటి కొలిమిలో అయ్యే పని కాదు. పాతిక కిలోల ఎర్రటి ఉక్కును ఎత్తి నీళ్లలో దించడం ప్రమాదం కూడా. దించినా ఈఎన్-8 ఇంత మందంలో పైపైనే గట్టిపడుతుంది. అసలు ప్రశ్న వేరు. దాగలి మీద కొట్టేది పసుపు ఛాయకు కాలిన ఇనుమును. ఆ వేడిలో అది దాగలి కంటే ఎన్నో రెట్లు మెత్తన. దాగలికి సొట్టలు పడేది సుత్తి తప్పి దాని మీదే నేరుగా పడినప్పుడు, లేదా చల్లారిన ఇనుమును మొండిగా కొట్టినప్పుడు. ఈ రెండూ తగ్గించుకోవడమే నేర్చుకోవలసిన పని.

దిమ్మె చదరంగా ఉండటంలో ఒక గొప్ప వీలు ఉంది. నాలుగు అంచులను నాలుగు రకాలుగా గుండ్రం చేసుకోవచ్చు. గ్రైండరుతో మొదలుపెట్టి ఆకురాయితో ముగించాం. ఒక అంచు చేతికి గీసుకోనంత మాత్రమే మలిచాం. రెండోది 3 మిల్లీమీటర్ల గుండ్రం, మూడోది 6, నాలుగోది బొటనవేలి వంపంత, దాదాపు 12 మిల్లీమీటర్లు. దాగలి కొత్తదైనా, పాతదైనా కత్తి అంచులాంటి మూలలు మాత్రం వదలకూడదు. అలాంటి మూల మీద వంచిన ఇనుములో లోపలి వైపు సన్నని మడత పడుతుంది, ఆ మడతే తరవాత పగులవుతుంది.

మొద్దు

ఇక్కడ నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి దగ్గరకు ఆమెను తీసుకెళ్లాను. గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో, వయసు మీద పడినా ఇంకా కొడవళ్లకు కక్కు (అంచు పళ్లు) కొట్టే పెద్దాయన ఆయన. ఆయన దాగలి నేల మట్టానికి జానెడు ఎత్తులో, నల్లబడిన తుమ్మ మొద్దులో దిగి ఉంటుంది. ఆమె తన దిమ్మె ఫోటో చూపించి "బాగుందా తాతగారూ?" అంది. ఆయన ఫోటో వైపు ఒక చూపు చూసి, "ఉక్కు బాగానే ఉందమ్మా. ముందు మొద్దు సంగతి చూడు. అది కదిలితే ఎంత మంచి దాగలైనా ఒకటే" అన్నారు. తన సుత్తి ఆమె చేతికిచ్చి, ఒకసారి దాగలి మీద వేడి కడ్డీ కొట్టించి, మరోసారి వదులు రాయి మీద పెట్టి కొట్టించారు. తేడా చేతికి తెలిసింది.

తుమ్మ మొద్దు కొన్నాం. 75 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల అడ్డుకొలత. ఎత్తు ఎంత ఉండాలన్నది మనిషిని బట్టి. నిలబడి చేయి వేలాడదీసి పిడికిలి బిగిస్తే, వేలి కణుపులు వచ్చే ఎత్తుకు దాగలి మొహం రావాలి. ఆమెకు అది నేల నుంచి 70 సెంటీమీటర్లు. పెద్దాయనలా కూర్చుని చేసేవాళ్లకు కొలత వేరు. మొద్దును 30 సెంటీమీటర్లు భూమిలోకి దించి, 45 పైకి ఉంచాం. దిమ్మె మొద్దులోకి 7 సెంటీమీటర్లు దిగి, 25 పైకి కనబడుతుంది. భూమిలోకి వెళ్లే భాగానికి చెద పట్టకుండా తారు పూశాం. గుంతలో మొద్దు చుట్టూ కంకర, మట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిస కొట్టాం. సిమెంటు పోయలేదు. రేపు మొద్దు మార్చాలంటే తవ్వి తీయగలగాలి.

దిమ్మె కూర్చునే గుంట చెక్కడానికి ఒక పూట పట్టింది. కొలత గీసి, డ్రిల్లుతో దగ్గర దగ్గరగా బెజ్జాలు వేసి, మిగిలింది ఉలితో తీశాం. గుంట అడుగు చదును అన్నిటికంటే ముఖ్యం. దిమ్మె అడుగున సుద్ద పూసి గుంటలో దించి తీస్తే, ఎత్తుగా ఉన్న చోట సుద్ద అంటుతుంది. అక్కడ చెక్కి మళ్లీ దించాలి. అడుగంతా సుద్ద సమానంగా అంటేదాకా ఆమె ఓపికగా చేసింది. ఆపైన అడుగున సిలికాన్ సీలెంట్ పలచగా పరిచి దిమ్మెను దించి, చుట్టూ తుమ్మ చీలలు బిగించాం. నేల మీద పెట్టి సుత్తితో తడితే గుడి గంటలా మోగిన ఉక్కు, మొద్దులో దిగాక పొట్టిగా, మందంగా పలికింది. పొరుగింటి నుంచి నేటి దాకా ఏ ఫిర్యాదూ లేదు. అయినా చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్గులు పెట్టుకోమని చెప్పాను. ఏళ్ల తరబడి కొలిమి దగ్గర పనిచేసి వినికిడి పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

తొలి కొక్కెం

సరుగుడు బొగ్గు, చిన్న బ్లోయరు, ఇటుకలతో కట్టిన కొలిమి సిద్ధం. కడ్డీ ఎంపికలో ఒక జాగ్రత్త ఉంది. ఇళ్ల కట్టడాల దగ్గర మిగిలిన టీఎంటీ కమ్మీ ముక్కలతో మొదలుపెట్టవద్దు. వాటి పై పొర, లోపలి భాగం వేరువేరుగా గట్టిపడి ఉంటాయి. కొత్తవాళ్లకు నునుపైన మైల్డ్ స్టీలు కడ్డీయే మేలు. జింకు పూత ఉన్న ఇనుము అయితే కొలిమి దరిదాపులకు తేవద్దు. ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

10 మిల్లీమీటర్ల కడ్డీ చివర కోసుగా సాగదీయడం తొలి పాఠం. ఇది చేతికి ఎలా తెలుస్తుందో కొంచెం దగ్గరగా చెప్పాలి. కడ్డీ చివర పసుపు ఛాయకు రాగానే తీసి, దాగలికి అవతలి అంచు మీద, చివర మాత్రమే ఆనేలా, పట్టుకున్న చేయి కొంచెం పైకెత్తి పెట్టాలి. సుత్తి కూడా అదే వాలులో దిగాలి. ఒక దెబ్బ, కడ్డీ పావు వంతు తిప్పు, మరో దెబ్బ. అంటే గుండ్రటి కడ్డీ మొదట చదరపు కోసుగా మారాలి. గుండ్రంగానే కోసు తీయాలని తిప్పుతూ తిప్పుతూ కొడితే లోపల కడ్డీ నిలువునా చీలిపోతుంది. చదరపు కోసు కావలసినంత పొడవు వచ్చాక మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆపైన పలకల మూలలు తేలికగా తడితే గుండ్రం. రంగు పసుపు నుంచి నారింజకు, ఎరుపుకు దిగి, మసక ఎరుపు రాగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి.

మొదట్లో ఆమె కడ్డీని దాగలి మీద ఆనించే ఉంచి, తరవాతి దెబ్బ గురించి ఆలోచించేది. ఆ ఆలోచించే క్షణంలో పాతిక కిలోల చల్లని ఉక్కు కడ్డీలోని వేడిని లాగేసుకుంటుంది. కొట్టనప్పుడు కడ్డీని దాగలి మీద నుంచి వేలెడు ఎత్తుకు లేపి పట్టుకోవాలి. సన్నని పనిలో ఇదొక్కటి అలవాటైతే ఒక్కో కాకకు (ఒకసారి కాల్చినదానికి) పడే దెబ్బలు స్పష్టంగా పెరుగుతాయి. దాగలి చిన్నదైతే పని సాగేకొద్దీ అదీ వెచ్చబడుతుంది, కాబట్టి తొలి కాకల్లోనే ఈ నష్టం ఎక్కువ.

కొక్కెం వంపుకు కొమ్ము కావాలని అందరూ అనుకుంటారు. 12 మిల్లీమీటర్ల గుండ్రం అంచు మీద కోసు చివర బయటకు ఉంచి, కిందికి కాక ఎదురుగా తోస్తున్నట్టు తడితే వంపు మొదలవుతుంది. తరవాత కడ్డీని తిరగేసి, వంపు పైకి వచ్చేలా దాగలి మొహం మీద పెట్టి, చివరను మనవైపు తేలికగా తట్టుకుంటూ వస్తే వంపు తనంతట తానే మూసుకుంటుంది. గోడకు బిగించే పట్టీ భాగానికి 3 మిల్లీమీటర్ల అంచు పనికొచ్చింది. సుత్తి సగం దాగలి మీద, సగం బయట పడేలా కొడితే అంచు దగ్గర మెట్టు తేలి, అవతలి భాగం కడ్డీగా, ఇవతలి భాగం పలచని ఆకుగా విడిపోతాయి. ఆ మెట్టు శుభ్రంగా తేలిన రోజు ఆమె ఆనందం చూడాలి.

ఏడాది తరవాత

వేసవిలో మొద్దు ఎండి పైన రెండు చోట్ల నెర్రెలు విచ్చింది. చీలలు వదులయ్యాయి, దెబ్బ శబ్దం మళ్లీ మోగడం మొదలైంది. శబ్దం మారడమే వదులుకు మొదటి గుర్తు. పెద్దాయన దానికి మందు చెప్పారు, బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించినట్టే మొద్దుకూ ఎక్కించమన్నారు. 5 మిల్లీమీటర్ల మందం పట్టీని, మొద్దు చుట్టుకొలత కంటే కొంచెం తక్కువ చుట్టుకొలతతో కట్టుగా వంచి అతికించాం. బొగ్గులు చుట్టూ పేర్చి ఎర్రగా కాల్చితే 125 సెంటీమీటర్ల చుట్టు దాదాపు సెంటీమీటరు పెరిగింది. ఇద్దరం పట్టకార్లతో ఎత్తి మొద్దుకు తొడిగి, చుట్టూ సుత్తులతో దించి, వెంటనే నీళ్లు పోశాం. చెక్క చుర్రుమని పొగ లేచింది. కట్టు బిగుస్తుంటే నెర్రెలు మూసుకోవడం కళ్లారా కనబడింది. కొత్త చీలలు వేశాక మళ్లీ వదులు రాలేదు.

దిమ్మె మొహం మీద తప్పిపడిన సుత్తి అచ్చులు ఉన్నాయి, ఎక్కువగా తొలి నెలలవే. అన్నీ ఒకే అంచు వైపు. ఆమె సుత్తి మూలలు గుండ్రం చేసి, మొహానికి స్వల్పమైన ఉబ్బు ఇచ్చాక కొత్త అచ్చులు దాదాపు ఆగిపోయాయి. తప్పు దాగలిది కాదు, కొన్న సుత్తికి ఉన్న పదునైన మూలలది. ఉలితో కోసేటప్పుడు దిమ్మె మీద 6 మిల్లీమీటర్ల మెత్తని ఇనుప రేకు పరుస్తుంది. ఇనుము తెగాక ఉలి ఆ రేకులోనే దిగుతుంది, దాగలి మొహం క్షేమం. వర్షాకాలంలో పని అయ్యాక నూనె గుడ్డతో తుడవడం తప్పనిసరి. మంగళగిరి గాలిలోని తేమకు ఒక్క రాత్రికే తుప్పు పొర పట్టింది. ఏడాదికి ఒకసారి గ్రైండరుకు మెత్తని ఫ్లాప్ డిస్కు తగిలించి మొహం పలచగా తుడిస్తే చాలు. పదును పెట్టని ఉక్కు కాబట్టి గ్రైండరు వేడికి చెడుతుందన్న భయం లేదు. పదును పెట్టిన దాగలి మీద మాత్రం నీలం రంగు తేలిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

ఈ దిమ్మె మీద కానివీ ఉన్నాయి. 20 మిల్లీమీటర్లు దాటిన కడ్డీని ఇద్దరు సమ్మెటలతో కొట్టే పని దీని మీద పెట్టవద్దని చెప్పాను. బెజ్జం పొడవడానికి కింద రంధ్రం లేదు. అందుకని మందమైన పాత నట్టును కింద పెట్టి దాని మీద పొడుస్తుంది. నేరుగా మొహం మీద పొడిస్తే ఉలి మొన కూడా, దాగలి కూడా చెడతాయి. మెలికలు తిప్పడానికి బల్లకు బిగించిన వైస్ ఉంది. ఉంగరాలు, గొలుసు కడియాలు, లోపల గుండ్రంగా రావలసిన ఏ పని అయినా అంచు మీద కుదరదు. దానికి నిజంగానే కొమ్ము కావాలి.

ఆ కొమ్మును ఇప్పుడు విడిగా చేస్తున్నాం. పాత ఇనుములో చూసి వదిలేసిన రకం లారీ హాఫ్ షాఫ్టే దీనికి సరైనది. పై పొర చాలా గట్టిగా ఉంటుంది కాబట్టి ముక్కను ముందు కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి, రాత్రంతా నెమ్మదిగా చల్లారనివ్వాలి. తరవాత నా లేత్ మీద 45 మిల్లీమీటర్ల మొదలు నుంచి 12 మిల్లీమీటర్ల కొన దాకా కోసు తీస్తాను. మొదలు వైపు అడ్డంగా వంచి, చదరపు కాడ చేసి, దిమ్మెకు ఎడమ పక్కన మొద్దులో చెక్కిన గుంటలో దించుతాం. కాడ వంచే పని పెద్ద సుత్తితో చేయవలసింది కాబట్టి అది నా 68 కిలోల దాగలి మీదే జరుగుతుంది.